పలాసలో ఒలిచినంత మాత్రాన పలాస పిక్క అయిపోదు

ప్రశ్న: మాది పలాస. నాన్నగారు పెట్టిన జీడిపప్పు యూనిట్‌ను మూడేళ్లుగా నేనే చూసుకుంటున్నాను. బ్యాంకాక్ నుంచి మొదటిసారి ఒక కంటైనర్ ఆర్డర్ వచ్చింది. 'ఫారం ఏఐ' ఆరిజిన్ సర్టిఫికెట్ పంపితేనే ఈ ధర ఇస్తానని కొనుగోలుదారు మెయిల్ పెట్టాడు. మా సరుకులో ఇక్కడి ఉద్దానం తోటల పిక్క నూటికి నలభై పాళ్లు, మిగతా అరవై మేము దిగుమతి చేసుకున్న ఆఫ్రికా పిక్క. ఆఫ్రికా పిక్క సీఐఎఫ్ ధర (ఓడ కిరాయి, బీమా కలిపి మన రేవుకి చేరేసరికి) కిలో 130 రూపాయలు పడింది. ఎనభై కిలోల బస్తాకి పద్దెనిమిదిన్నర కిలోల పప్పు వస్తోంది. ఎఫ్‌ఓబీ ధర (ఓడెక్కించేదాకా అయ్యే ధర) కిలో 780కి ఒప్పుకున్నాం. మా సీహెచ్‌ఏ (కస్టమ్స్ ఏజెంట్) "అంతా ఇండియాలో పండిందే అని పెట్టేద్దాం మేడమ్, ఎవరూ చూడరు" అంటున్నాడు. ఇంతకుముందు దుబాయ్‌కి పంపినప్పుడు ఛాంబర్ వాళ్లు ఇచ్చిన సర్టిఫికెట్‌తోనే పని అయిపోయింది. ఇప్పుడు అది పనికిరాదా? ఓడ పది రోజుల్లో ఉంది. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఏం రాయమంటారు?
— ఒక పాఠకురాలు, పలాస

సమాధానం: ముందు మీ సీహెచ్‌ఏ చెప్పినట్టు మాత్రం రాయకండమ్మా. దరఖాస్తు కింద సంతకం మీది, ఐఈసీ నంబరు (ఎగుమతి దిగుమతుల కోడ్) మీది. రేపు ఏదైనా తేడా వస్తే అతను "మేడమ్ చెప్పిందే టైప్ చేశాను" అంటాడు. అతన్ని తప్పుపట్టలేం, అతని ఉద్యోగం అది. కాస్త ఊరట కలిగించే మాట ఒకటుంది. మీరు ఇచ్చిన అంకెలు నిజమైతే, ఉన్నది ఉన్నట్టు రాసినా మీ సరుకుకి ఆ సర్టిఫికెట్ వచ్చే అవకాశం బాగానే ఉంది. అబద్ధం అవసరమే లేని చోట మీ సీహెచ్‌ఏ అబద్ధం ఆడమంటున్నాడు.

ఛాంబర్ కాగితం సంగతి ముందు తేల్చేద్దాం. ఆరిజిన్ సర్టిఫికెట్లు రెండు రకాలు. ఒకటి "ఈ సరుకు భారతదేశం నుంచి వస్తోంది" అని చెప్పే మామూలు సర్టిఫికెట్. ఛాంబర్లు ఇచ్చేది అదే. బ్యాంకు అడిగిందనో, అక్కడి కస్టమ్స్ అడిగిందనో తీసుకుంటాం. దానివల్ల సుంకంలో రూపాయి కూడా తగ్గదు. రెండోది స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం కింద ఇచ్చే రాయితీ సర్టిఫికెట్. మీ బ్యాంకాక్ ఆయన అడిగిన ఫారం ఏఐ ఈ రెండో రకం. థాయ్‌లాండ్ ఉన్న ఆసియాన్ కూటమి దేశాలతో మనకున్న సరుకుల ఒప్పందం 2010 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. దాని కింద తగ్గిన సుంకం కట్టాలంటే థాయ్ కస్టమ్స్ ముందు పెట్టాల్సిన కాగితం ఇదే. పేర్లు ఒకేలా ఉండటంతో చాలామంది పొరబడతారు. విశాఖలో ఎక్స్‌పోర్ట్ డాక్యుమెంటేషన్‌లో కొత్తగా చేరినప్పుడు నేనూ పొరబడ్డాను.

ఇంకో మాట. ఇవాళే మీ కొనుగోలుదారుకి ఒక మెయిల్ పెట్టండి. జీడిపప్పుకి థాయ్‌లాండ్‌లో అందరికీ వర్తించే సుంకం ఎంత, ఆసియాన్ ఒప్పందం కింద ఎంత అని అడగండి. రెండూ ఒకటే అయితే ఈ ప్రయాస అంతా దేనికి? ఏ ఒప్పందంలోనైనా రాయితీ వర్తించని సరుకుల జాబితా ఒకటి ఉంటుంది. అందులో మన సరుకు ఉంటే ఎంత స్వచ్ఛమైన ఉద్దానం పిక్కైనా ఉపయోగం లేదు. తేడా ఉంటే మాత్రం ఆ తేడా ఎంతో మీకు తెలిసి తీరాలి. ఎందుకంటే సుంకం మిగిలేది ఆయనకి, సర్టిఫికెట్ కోసం తిరిగేదీ జవాబుదారీ అయ్యేదీ మీరు. మన ఎగుమతిదారులు చాలామంది ఈ కాగితాన్ని ఉచితంగా ఇచ్చేస్తారు, ధర దగ్గర అడగరు. ఈసారి మాట అయిపోయింది కాబట్టి వదిలేయండి. వచ్చే ఆర్డర్‌కి ముందే అడగండి.

ఇక అసలు విషయం. సరుకు ఎక్కడిది అంటే మనం ఎక్కడ పండిందో, ఎక్కడ ప్యాక్ అయ్యిందో చెబుతాం. ఒప్పందం దాన్ని అలా చూడదు. దాని లెక్కలో రెండే దారులున్నాయి. మొదటి దారిలో సరుకు పూర్తిగా ఇక్కడే పండి ఉండాలి. వాడుకలో దీన్ని డబ్ల్యూఓ అంటారు. వజ్రపుకొత్తూరులోనో మందసలోనో కాసిన పిక్కని పలాసలో ఉడికించి, కోసి, ఒలిచి పంపితే అది డబ్ల్యూఓ. ఇక వేరే పరీక్ష ఏదీ లేదు. మీ సీహెచ్‌ఏ రాద్దామన్నది ఇదే. బస్తాల్లో అరవై పాళ్లు ఆఫ్రికా నుంచి ఓడెక్కి వచ్చినప్పుడు ఆ మాట పచ్చి అబద్ధం.

రెండో దారి బయటి ముడిసరుకు వాడినవాళ్ల కోసం. ఆసియాన్ ఒప్పందంలో ఇక్కడ రెండు షరతులున్నాయి, రెండూ నెరవేరాలి. ఎఫ్‌ఓబీ విలువలో కనీసం 35 శాతం మన దేశానిదై ఉండాలి. దాంతోపాటు, బయటి నుంచి వచ్చిన ముడిసరుకుకీ తయారైన సరుకుకీ హెచ్‌ఎస్ కోడ్ (సరుకుల్ని గుర్తించే అంతర్జాతీయ నంబరు) ఆరు అంకెల స్థాయిలో మారాలి. పెంకుతో ఉన్న జీడిపిక్క కోడ్ 0801.31. పెంకు తీసిన పప్పు 0801.32. చివరి అంకె మారింది కాబట్టి రెండో షరతు నెరవేరినట్టే. మీ ఆడకూలీల చేతికి మసి అంటించే ఆ కోత పనికి కోడ్ పుస్తకంలో విలువ ఒక్క అంకె. అయినా ఆ ఒక్క అంకే ఇప్పుడు మిమ్మల్ని ఒడ్డున పడేస్తోంది.

ఇప్పుడు 35 శాతం లెక్క వేద్దాం. ఎనభై కిలోల బస్తాకి పద్దెనిమిదిన్నర కిలోల పప్పు అంటే, కిలో పప్పుకి సుమారు 4.3 కిలోల పిక్క పడుతోంది. మొత్తం ఆఫ్రికా పిక్కే వాడారనుకోండి. 4.3ని 130తో గుణిస్తే 559 రూపాయలు. మీ ఎఫ్‌ఓబీ 780. అంటే బయటి సరుకు వాటా దాదాపు 72 శాతం, మనది 28. పరీక్ష తప్పారు. కూలీ, కరెంటు, బాయిలర్, ప్యాకింగ్, మీ లాభం అన్నీ కలిపినా 35కి చేరలేదు. జీడిపప్పు వ్యాపారంలో డబ్బంతా పిక్కలోనే ఉంటుందని మీకు నేను చెప్పక్కర్లేదు. పూర్తిగా దిగుమతి పిక్కతో నడిచే యూనిట్లకి ఫారం ఏఐ దొరకడం కష్టమయ్యేది ఇక్కడే.

మీ విషయం వేరు. మీ పప్పులో ఆఫ్రికా పిక్క అరవై పాళ్లే. 559లో అరవై శాతం 335 రూపాయల 40 పైసలు. 780 మీద అది సరిగ్గా 43 శాతం. మనది 57. అవసరమైన 35 కంటే చాలా ఎక్కువ. సగానికి పైగా విదేశీ పిక్క వాడి కూడా మీరు దర్జాగా పాసయ్యారు. కాబట్టి ఫారంలో ఆరిజిన్ ప్రమాణం రాసే గడిలో డబ్ల్యూఓ కాదు, ప్రాంతీయ విలువ వాటా ఇంత శాతం, దానితో పాటు ఆరు అంకెల కోడ్ మార్పు అనే ప్రమాణం రావాలి. సీహెచ్‌ఏలు దీన్నే ఆర్‌వీసీ ప్లస్ సీటీఎస్‌హెచ్ అంటారు. ఈ మాట చెప్పండి, అతనికి వెంటనే అర్థమవుతుంది.

కాయితం మీద ఈ లెక్క ఎంతవరకు లాగొచ్చో కూడా చూశాను. ఆఫ్రికా పిక్క తొంభై పాళ్లున్నా మీ వాటా 35.5 శాతం దగ్గర నిలుస్తుంది. అలాగని అక్కడిదాకా వెళ్లకండి. రూపాయి విలువ కాస్త అటూఇటూ అయినా, పప్పు ధర కిలోకి పదిహేను, ఇరవై తగ్గినా గీత కిందికి జారిపోతారు. పైగా నేను వేసింది సగటు లెక్క. గుండుకి వచ్చే ధర బద్దకి రాదు, పిండికి అసలు రాదు. ఏ గ్రేడుకి పిక్క ఖర్చు ఎంత కేటాయించాలో మీ కాస్ట్ అకౌంటెంట్‌తో కూర్చుని రాయించుకోండి. గుండు, బద్ద ఒకే కంటైనర్‌లో వెళ్తుంటే రెండింటికీ విడివిడిగా కాస్ట్ షీటు పెట్టుకోండి.

ఒప్పందం మారితే ఇదే పిక్కకి జవాబు మారుతుంది. శ్రీలంకతో మన ఒప్పందం 2000 మార్చి నుంచి నడుస్తోంది. అక్కడా 35 శాతమే, కానీ కోడ్ నాలుగు అంకెల స్థాయిలో మారాలి. పిక్కా 0801, పప్పూ 0801. నాలుగు అంకెల్లో ఏమీ మారలేదు. కాబట్టి ఆఫ్రికా పిక్క కలిసిన పప్పుని కొలంబోకి రాయితీ మీద పంపలేరు. కొన్ని ఒప్పందాల్లో ఇంకో మెలిక ఉంటుంది. "ఇంతమాత్రం పని చేస్తే చాలదు" అని ఒక జాబితా ఇస్తారు. దుమ్ము దులపడం, జల్లించడం, సంచులు మార్చడం, లేబుల్ అంటించడం లాంటివి అందులో ఉంటాయి. యూరోపియన్ యూనియన్ జీఎస్‌పీ (వర్ధమాన దేశాలకిచ్చే సుంకం రాయితీ) నిబంధనల్లో అయితే పళ్లు, గింజలు, కూరగాయల తొక్క తీయడం, పెంకు తీయడం కూడా ఆ జాబితాలో నేరుగా రాసేశారు. అంటే మీ యూనిట్‌లో రోజంతా జరిగే పని వాళ్ల దృష్టిలో పనే కాదు! కోపం వస్తుంది కదూ. అందుకే ఏ దేశానికి పంపినా ఆ ఒప్పందంలోని ఆరిజిన్ నిబంధనల అనుబంధం తెరిచి, మన కోడ్‌కి ఎదురుగా ఏం రాశారో, ఆ చిన్న పనుల జాబితాలో ఏముందో మీ కళ్లతో చదవండి. దుబాయ్ ఉన్న యూఏఈతో మన ఒప్పందం 2022 మే 1 నుంచి అమల్లోకి వచ్చింది. దానికి సరుకువారీ నిబంధనల పట్టిక వేరే ఉంది. బ్యాంకాక్‌కి సరిపోయింది కదా అని అదే కాస్ట్ షీటు దుబాయ్‌కి వాడేయకండి.

మీకు పనికొచ్చే సంగతి మరొకటి. పప్పుని వేయించి ఉప్పు పట్టిస్తే అది ఎనిమిదో చాప్టర్ నుంచి ఇరవయ్యో చాప్టర్‌కి, 2008 కిందికి వెళ్లిపోతుంది. అక్కడ ఆరు అంకెలేమిటి, చాప్టరే మారిపోయింది. విలువ వాటా కూడా పెరుగుతుంది. ఎప్పుడైనా రోస్టింగ్ లైన్ పెట్టే ఆలోచన ఉంటే ఈ లాభాన్ని కూడా లెక్కలో వేసుకోండి.

అలాగే, కంబోడియా నుంచో ఇండోనేషియా నుంచో పిక్క తెప్పించారనుకుందాం. అవి ఆసియాన్ దేశాలు కాబట్టి అక్కడ పండిన పిక్కకి అక్కడి ఫారం ఏఐ మీ దగ్గరుంటే, ఈ ఒప్పందం వరకు దాన్ని బయటి సరుకుగా కాక మన సరుకుగానే లెక్కేసుకోవచ్చు. ఆఫ్రికా పిక్కకి ఆ వెసులుబాటు లేదు.

లెక్క బాగుంది, మరి రుజువేది? అధికారి అడిగేది ఇదే. మీ నలభై పాళ్లు ఉద్దానానివని ఎలా చూపిస్తారు? ఇక్కడ మీకు తెలియకుండానే ఒక ఆధారం మీ దగ్గరుంది. రైతు దగ్గర పెంకుతో ఉన్న పిక్క కొంటే, జీఎస్‌టీ రైతు కట్టడు, రివర్స్ ఛార్జ్ కింద మీరే కడతారు. దానికోసం మీరే మీ పేరున ఇన్‌వాయిస్ రాసుకుంటారు కదా. ఆ ఇన్‌వాయిస్‌ల మీద రైతు పేరు, ఊరు, తూకం, తేదీ ఉంటాయి. పన్ను కోసం విసుక్కుంటూ రాసిన ఆ కాగితాలే ఈ పిక్క ఇక్కడిదని చెప్పే అసలైన సాక్ష్యం. వాటికి కాటా చీటీలు, చెల్లింపు బ్యాంకు ఎంట్రీలు జత చేసి సీజన్ వారీగా ఒక ఫైలు కట్టండి. ఆఫ్రికా సరుకుకి బిల్ ఆఫ్ ఎంట్రీలు (దిగుమతి పత్రాలు) ఎలాగూ ఉంటాయి.

చిక్కు వచ్చేది మధ్యలో వ్యాపారి దగ్గర కొన్న పిక్కతో. కాశీబుగ్గలో ఎవరి గోడౌన్ నుంచో అరవై బస్తాలు తెచ్చారనుకోండి, ఆయన "అంతా లోకలే" అన్నాడు. లోకలో కాదో కాగితం లేదు. ఒప్పందం మూలం తెలియని సరుకుని బయటి సరుకుగానే లెక్కేస్తుంది, మీరు చెల్లించినట్టు రుజువున్న తొలి ధర మీద. మీ నలభైలో అలాంటి బస్తాలెన్ని ఉన్నాయో ఒకసారి చూసుకోండి. నలభై కాస్తా ఇరవై అయినా మీరు పాసవుతారు. కానీ ఫారంలో రాసే శాతం మారుతుంది, ఆ శాతం నిజం కావాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను ఉద్దానం తోటల్ని ఊడ్చేశాక ఇలా ఎక్కడెక్కడి పిక్కో కలిపి నడుపుకోవాల్సిన అవసరం మీలాంటి యూనిట్లకి ఎలా ముంచుకొచ్చిందో నాకు తెలుసు. అవసరం తప్పు కాదు, కలిపిన సంగతి దాచడమే తప్పు.

కలిపేసిన సరుకు గురించి మీరు అడగలేదు గానీ, అడుగుతారనే రాస్తున్నాను. బాయిలర్‌లోకి వెళ్లాక ఏ పిక్క ఎక్కడిదో ఎవరూ చెప్పలేరు. ఆసియాన్ ఒప్పందం దీన్ని ఒప్పుకుంటుంది. ఒకదాని బదులు ఒకటి వాడగల ముడిసరుకులు కలిసిపోయినప్పుడు, దేశంలో అందరూ పాటించే స్టాకు లెక్కల పద్ధతితో ఎంత ఎక్కడిదో చూపించవచ్చు. అంటే గోడౌన్ రిజిస్టరు సక్రమంగా ఉంటే చాలు. వచ్చే సీజన్‌కి మాత్రం నా సలహా ఇది. గోడౌన్ తలుపు దగ్గరే ఉద్దానం బస్తాలకి ఒక రంగు, ఆఫ్రికా బస్తాలకి ఒక రంగు పూయించండి. వారంలో కొన్ని రోజులు ఒకటే రకం ఉడికించి, ఆ పప్పుకి లాట్ నంబరు వేయండి. ఉద్దానం పిక్కతోనే ఒక కంటైనర్ నిండేటంత పప్పు పోగయితే, దానికి ధైర్యంగా డబ్ల్యూఓ రాసుకోవచ్చు. అలాంటి పప్పు శ్రీలంక నిబంధనకీ సరిపోతుంది.

దరఖాస్తు మొత్తం ఆన్‌లైన్‌లోనే, డీజీఎఫ్‌టీ (విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జనరల్) వారి ఈ-సీఓఓ పోర్టల్‌లో పెట్టాలి. ఐఈసీ, డిజిటల్ సిగ్నేచర్ (లేదా ఆధార్‌తో ఈ-సంతకం) ఉండాలి. మామూలు సర్టిఫికెట్లకి కూడా 2025 జనవరి 1 నుంచి ఈ పోర్టలే తప్పనిసరి అయింది. సర్టిఫికెట్ ఇచ్చే సంస్థని మీరే ఎంచుకోవాలి. ఫారం ఏఐ ఇచ్చే అధికారం ఉన్నవాటిలో మీకు దగ్గరది చూసుకోండి. డిజిటల్ సిగ్నేచర్ ఇంకా లేకపోతే ఇవాళే దానికి పెట్టండి. పది రోజుల్లో మిమ్మల్ని ఆలస్యం చేసేది నిబంధనలు కావు, ఇలాంటి చిన్న విషయాలే. ఇంకోటి, ఎలక్ట్రానిక్ ప్రతి సరిపోతుందా, సంతకం, ముద్ర ఉన్న కాగితం కావాలా అని కొనుగోలుదారుని ముందే అడగండి. సరుకు రేవులో దిగాక ఆ ప్రశ్న వస్తే రోజుకింత డెమరేజ్ కడుతూ జవాబు వెతుక్కోవాలి.

ఇక్కడ నా సొంత అనుభవం ఒకటి. చాలా ఏళ్ల క్రితం ఒక ఎగుమతిదారు దగ్గర డాక్యుమెంట్లు నేనే చేసేవాణ్ణి. జీడిపప్పు కార్టన్ బరువు మీకు నోటికి వచ్చే లెక్కే, 22.68 కిలోలు. ఇరవై అడుగుల కంటైనర్‌లో 700 కార్టన్లు, మొత్తం 15,876 కిలోలు. రాత్రి పదకొండింటికి టైప్ చేస్తూ 22.86 అని కొట్టాను. కంప్యూటర్ బుద్ధిగా గుణించి 16,002 వేసింది. ఇన్‌వాయిస్‌లో 15,876, సర్టిఫికెట్‌లో 16,002. రెండు అంకెలు తారుమారైనందుకు 126 కిలోల తేడా! అవతలి కస్టమ్స్ వాళ్లకి అది టైపింగ్ పొరపాటని ఎలా తెలుస్తుంది? సర్టిఫికెట్ పక్కన పెట్టి పూర్తి సుంకం కట్టమన్నారు. సరిచేసిన కాగితం వెళ్లేదాకా కంటైనర్ రేవులోనే ఉంది. ఆ ఖర్చు మా యజమాని భరించాడు, నన్ను ఒక్క మాట అనలేదు. అనకపోవడమే ఎక్కువ బాధేసింది. అప్పటినుంచి ఇన్‌వాయిస్, ప్యాకింగ్ లిస్టు, బిల్ ఆఫ్ లేడింగ్ (ఓడవాళ్లు ఇచ్చే సరుకు రసీదు), సర్టిఫికెట్ నాలుగూ టేబుల్ మీద పక్కపక్కన పెట్టి, ఇంకొకరి చేత పైకి చదివించి, వేలు పెట్టి సరిచూస్తాను. మీరూ అలాగే చేయండి. తయారు చేసినవాళ్ల కంటికి వాళ్ల తప్పు కనబడదు.

ఓడ వెళ్లిపోతుందనే కంగారు అక్కర్లేదు. సర్టిఫికెట్ సరుకు ఎగుమతి అయ్యే సమయానికి గానీ, ఓడెక్కిన మూడు పని దినాల లోపు గానీ ఇస్తారు. అదీ దాటిపోతే, తగిన కారణం ఉంటే ఏడాదిలోపు వెనకటి తేదీ సరుకుకి కూడా ఇస్తారు, దాని మీద "తర్వాత జారీ చేసినది" అనే అర్థం వచ్చే ముద్ర పడుతుంది. చెల్లుతుంది. కాకపోతే అప్పటిదాకా మీ కొనుగోలుదారు పూర్తి సుంకం కట్టో, పూచీ ఇచ్చో సరుకు విడిపించుకోవాలి కాబట్టి విసుక్కుంటాడు. సర్టిఫికెట్ చేతికొచ్చాక ఏడాది పాటు చెల్లుతుంది.

ఓడ దారి కూడా చూసుకోండి. విశాఖ నుంచి వెళ్లే కంటైనర్ కొలంబోలో దిగి మరో ఓడెక్కుతుందేమో షిప్పింగ్ లైన్ వాళ్లని అడగండి. శ్రీలంక ఆసియాన్ దేశం కాదు. దిగి ఎక్కడం తప్పు కాదు, కానీ అక్కడ సరుకు కస్టమ్స్ అదుపులోనే ఉండాలి, అమ్మకానికి వెళ్లకూడదు, దించి ఎక్కించడం తప్ప దాన్ని ఏమీ చేయకూడదు. అందుకు రుజువు విశాఖ నుంచి థాయ్ రేవు దాకా ఒకే బిల్ ఆఫ్ లేడింగ్. రెండు ముక్కలుగా బిల్లులు తీసుకుంటే చేజేతులా అనుమానం కొనుక్కున్నట్టే. ఒకవేళ కొనుగోలుదారు తన సింగపూర్ ఆఫీసు పేరున ఇన్‌వాయిస్ మార్చి పెడతానంటే, మూడో దేశపు ఇన్‌వాయిస్ అని ఫారంలో ఒక గడి ఉంటుంది, దాన్ని మర్చిపోకుండా గుర్తు పెట్టాలి. ఇన్‌వాయిస్ ఎవరిస్తున్నారో ముందే అడిగి తెలుసుకోండి.

"ఎవరూ చూడరు" అన్న మాటకి తిరిగి వస్తాను. నిజమే, చాలాసార్లు చూడరు. కానీ చూసినప్పుడు వెంటనే చూడరు. సరుకు అమ్ముడైపోయి, డబ్బులు వచ్చి, మీరు మర్చిపోయిన ఏ ఎనిమిదో నెలలోనో థాయ్ కస్టమ్స్ నుంచి సర్టిఫికెట్ ఇచ్చిన సంస్థకి ఉత్తరం వస్తుంది. వాళ్లు మీ కాస్ట్ షీటు, కొనుగోలు బిల్లులు, స్టాకు రిజిస్టరు తెమ్మంటారు. బిల్ ఆఫ్ ఎంట్రీలు కస్టమ్స్ కంప్యూటర్‌లో మీ ఐఈసీ కిందే ఉంటాయి కాబట్టి, ఆఫ్రికా పిక్క దించుకున్న సంగతి దాగదు. అప్పుడు కొనుగోలుదారు సుంకం తేడా కట్టి, అది మీ ఖాతాకి రాస్తాడు. మన వైపు విదేశీ వాణిజ్య చట్టం కింద జరిమానా కనీసం పది వేల రూపాయల నుంచి సరుకు విలువకి ఐదు రెట్ల దాకా వెళ్లగలదు. ఐఈసీని ఆపేస్తే మీ ఎగుమతీ ఆగుతుంది, పిక్క దిగుమతీ ఆగుతుంది.

వాళ్లు ఇంత పట్టుబడతారా అనిపిస్తే, మనం ఏం చేస్తున్నామో చూడండి. 2020 సెప్టెంబరు 21 నుంచి మన కస్టమ్స్ కొత్త నిబంధనలు తెచ్చింది, కారోటార్ అంటారు. ఒప్పందాల కింద రాయితీ మీద సరుకు తెచ్చుకునేవాళ్లు అవతలి దేశం సర్టిఫికెట్ చూపిస్తే సరిపోదు. ఆ సరుకు ఎలా తయారైంది, విలువ వాటా ఎలా వచ్చింది అన్న వివరాలు తమ దగ్గర పెట్టుకుని, అడిగితే చూపించాలి, ఐదేళ్లు దాచాలి. మనం ఇలా అడుగుతున్నప్పుడు వాళ్లూ అడుగుతారు. మీరు కూడా ఈ కంటైనర్ ఫైలుని ఐదేళ్లు దాచండి, ఒక కాపీ ఇంట్లో కూడా.

ఇక మీ సీహెచ్‌ఏ. పనివాణ్ణి ఒక్క మాటకి మార్చేయమని నేను చెప్పను. ఈ కాస్ట్ షీటు అతనికిచ్చి, ఆర్‌వీసీ గడిలో ఈ శాతమే పడాలి, సబ్మిట్ చేసేముందు డ్రాఫ్ట్ నాకు వాట్సాప్ చేయండి అని చెప్పండి. డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ మాత్రం అతని డ్రాయర్‌లో ఉంచకండి. చాలా యూనిట్ల టోకెన్లు సీహెచ్‌ఏ ఆఫీసుల్లో రబ్బరు బ్యాండు వేసి, మీద పాస్‌వర్డ్ చీటీ అంటించి ఉండటం నేను స్వయంగా చూశాను. సంతకం పెట్టేటప్పుడు మీరే పెట్టండి, పలాస నుంచే పెట్టొచ్చు.

ముందు అలా మూలం తెలియని బస్తాలెన్నో లెక్క పెట్టించండి. నలభై పాళ్లు నిజంగా ఎంతో తేలాక, ఆ అంకె నాకు రాయండి, కాస్ట్ షీటు ఒకసారి చూసి పంపుతాను.